స్పీకర్లకు సంబంధం

పెళ్లి సంబంధాల దగ్గర మనవాళ్లు చూపించే జాగ్రత్త ఇంతా అంతా కాదు. అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ తిరగేస్తారు. అదే మనుషులు రెండు స్పీకరు పెట్టెలకు ఒక ఆంప్లిఫయరు తేవలసివస్తే మాత్రం, డబ్బా మీద ఎన్ని వాట్లని అచ్చువేశారో చూసి, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నదాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. ఆ తరువాత పెట్టెలు గీపెడుతున్నాయనో, ఆంప్లిఫయరు పెనంలా కాలుతోందనో, రాగం వినిపిస్తోంది గాని మాట తెలియటం లేదనో కనిపించినవాడికల్లా చెప్పుకుంటారు. ఈ మధ్య ఆ సంబంధం చూసే పని నా నెత్తిన పడింది. కుదరటానికి మూడు నెలలు పట్టింది. ఇటువంటి పని తలపెట్టిన నలుగురికీ పనికివస్తుందేమోనని రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట. నేను పత్తి మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి తప్పుకున్నవాణ్ణి. దూది పింజ వేళ్ల మధ్య పట్టి లాగి దాని పొడవు చెప్పగలనే గాని, రేడియో ఇంజనీరును కాను. మా పెద్దవాడు హైదరాబాదులో కాపురం ఎత్తేసి పై దేశం వెడుతూ, తాను ముచ్చటపడి కొనుక్కున్న రెండు స్పీకర్లను మా ఇంట్లో దించి వెళ్లాడు. ఒక్కొక్కటీ బియ్యం డబ్బా అంత ఉంది. ఆంప్లిఫయరు ఎవరో స్నేహితుడికి ఇచ్చేశాడట. "అమ్మమ్మా, నీకోసమే ఇవి" అనలేదు గాని (వాడికి ఆవిడ నాయనమ్మ అవుతుంది లెండి), ఆవిడ వంక చూసి, "మంచిది ఒకటి చూసి కొనండి నాన్నా" అని మాత్రం అన్నాడు.

మా అమ్మ పుట్టిల్లు ఒంగోలు పక్కన. ఆవిడ పుట్టిననాటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1970లో అది వేరే జిల్లా అయింది. 2022లో మా పేట కూడా గుంటూరును విడిచి పల్నాడులో పడింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ అందరం గుంటూరు జిల్లావాళ్లమే అంటుంది. విజయవాడ రేడియో 1948 డిసెంబరు 1న మొదలయ్యేనాటికి ఆవిడకు ఏడేళ్లు. అప్పటినుంచీ ఆవిడ చెవిలో పాట లేని రోజు లేదు. పొద్దున్నే భక్తిరంజని, మధ్యాహ్నం సినిమా పాటలు. వంట చేస్తూ పాడేది, బట్టలు ఆరవేస్తూ పాడేది. ఎవరైనా పాటలో మాట తప్పితే వంటింట్లోంచే దిద్దేది.

రెండేళ్లుగా ఆ దిద్దటం మానేసింది. ముందు మేము గమనించలేదు. పాట పెడితే కాసేపు కూర్చుని, లేచి పంచలోకి వెళ్లిపోయేది. అడిగితే, "గొంతు తెలుస్తోంది గాని మాట తెలియటం లేదురా అబ్బాయ్. అంతా గోల" అంది. పోనీ అని పెద్దగా పెడితే చెవులు మూసుకునేది. ఆవిడ పంచలోకి చేరాక, ఇక ఇంట్లో పాటలు ఎవరికోసమని మేమూ పెట్టటం తగ్గించాం. ఇల్లు బావురుమనేది.

గుంటూరులో చెవి డాక్టరు చెప్పిన మాట ఇది. వయసుతో పోయేది ముందు సన్నని ధ్వనులు. మన మాటలో అచ్చులు లావు గొంతుతో పలుకుతాయి. స, శ, త, ప, క లాంటి హల్లుల గుర్తులు సన్నగా, పైన, రెండువేల మొదలు నాలుగువేల ప్రకంపనల దాకా, ఇంకా పైన కూడా ఉంటాయి. అవి రాలిపోతే 'పాట' అన్నా 'తాత' అన్నా ఒకలాగే వినిపిస్తుంది. ధ్వని పెంచితే పెరిగేది అచ్చులే. అవి ఇదివరకే వినిపిస్తున్నాయి, ఇంకా పెంచితే నొప్పి. చెవికి యంత్రం ఇచ్చారు. పెట్టుకున్న గంటకల్లా "జోరీగ దూరినట్టుందిరా" అని తీసి బల్లమీద పెట్టేస్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఇటువంటి ఇంటికి వెయ్యి వాట్లు తెచ్చి ఏం లాభం?

మా బావమరిది ఆ మాట ఒప్పుకోడు. అతను గుంటూరు మిరపకాయల యార్డులో కమీషను వ్యాపారి. లోకంలో ప్రతి వస్తువునూ టిక్కీల్లో కొలుస్తాడు. "బావా, వచ్చే సంగతి వచ్చింది. టిక్కీలు ఎన్ని దిగితే బేరం అంత. తక్కువ వాట్లు కొనబాకు, నలుగురిలో పరువు పోద్ది" అన్నాడు. ఫోనులో ఒక చిన్న పెట్టె బొమ్మ చూపించాడు. అరచెయ్యంత ఉంది. పక్కకు నూరేసి చొప్పున రెండు పక్కలకూ కలిపి 200 వాట్లని రాశారు. ధర చూస్తే నవ్వొచ్చేంత చవక.

నేను కళ్లద్దాలు పెట్టుకుని కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. దానితో వచ్చే అడాప్టరు 19 వోల్టులు, 3 ఆంపియర్లు. రెంటినీ గుణిస్తే 57. "లోపలికి 57 వాట్లు పోతే బయటికి 200 ఎట్లా వస్తాయి బావా? మా మిల్లులో క్వింటాలు పత్తి ఆడిస్తే ముప్ఫై నాలుగో ముప్ఫై అయిదో కిలోల దూది వచ్చేది. క్వింటాలుకు మూడు క్వింటాళ్ల దూది తీసే మిల్లు ఉంటే నేనే వాటా కొంటాను" అన్నాను. అతను కాస్త తగ్గాడు. ఆ చిన్న పెట్టెలు పనికిమాలినవని కాదు. కొత్త పద్ధతిలో చేసినవి, కరెంటు వృథా చెయ్యవు, వేడెక్కవు. ఇరవై వాట్లు నిజంగా ఇచ్చేవి ఉన్నాయి. గొడవంతా రాతలోనే.

ఈ రాత కొత్తదేమీ కాదు. 1990 ప్రాంతాల్లో టేపురికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని రాసి ఆ పక్కన వెయ్యీ రెండువేలూ వేసేవారు, గుర్తుందా? ఆ అంకెను ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు లెక్కవేసేవారు. చూడవలసింది ఆర్.ఎం.ఎస్. అన్న అంకె. అదైనా ఎన్ని ఓముల దగ్గర, రెండు పక్కలూ కలిసి పనిచేస్తున్నప్పుడేనా, అన్నది కూడా చూడాలి. ఈ సంగతి మా బావమరిదికి అతని భాషలోనే చెప్పాను. బాడిగ కాయ చూడటానికి ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం తక్కువ. తేజ కాయ చిన్నది, నాలుక మీద పెడితే తెలుస్తుంది. రంగు చూసి కారానికి ధర కట్టే వ్యాపారి యార్డులో ఎన్నాళ్లు ఉంటాడు? "అది నిజమే" అన్నాడు. యార్డు మాట వస్తే అతను అబద్ధం చెప్పలేడు.

అసలు విద్య నాకు చెప్పినవాడు మా ఊరి మైకుసెట్టు బాబాయ్. కోటప్పకొండ తిరునాళ్లకు శివరాత్రి నాడు వెళ్లే ఆ విద్యుద్దీపాల ప్రభలు మీలో చాలామంది చూసే ఉంటారు. అటువంటి ప్రభల వెంట కుర్రతనం నుంచీ మైకు నడిపిన మనిషి. ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు, ఆయన అరుగుమీద కూర్చుంటాడు. నేను వాట్లు ఎన్ని కావాలని అడిగితే, ఆయన ఆంప్లిఫయరు ఊసే ఎత్తలేదు.

"మీ పెట్టెలు ఎంత అరుస్తయ్యో రాసి ఉంటది, అది చూశావా అబ్బాయ్?"

మావాడు వదిలిపోయిన కాగితం తీసుకువెళ్లి చూపించాను. 86 డెసిబెల్లు అని ఉంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఆ పెట్టె పుట్టించే ధ్వని అది.

"అదీ సంగతి. మా బూర ఒక్క వాటుకే 105 దాకా అరుస్తది. దానితో పాట వింటే చెవులు కోసుకుపోతయ్యనుకో, అది వేరు. మీ పెట్టెలు మంచివే గాని కాస్త బద్ధకం రకం. పెట్టె బద్ధకం ఎంతో తెలియకుండా ఆంప్లిఫయరు కొనబాకు."

ఇంటికి వచ్చి లెక్కవేశాను. మూడు డెసిబెల్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు చెయ్యాలి. పది డెసిబెల్లు పెరగాలంటే పది రెట్లు. ఆ పది పెరిగితేనే చెవికి 'ఆ, రెట్టింపయింది' అనిపిస్తుంది. అంటే 50 వాట్లదానికీ 100 వాట్లదానికీ ధరలో ఎంత తేడా ఉన్నా, చెవికి అందేది ఆ మూడు డెసిబెల్లే. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్ల చుట్టూ ఉంటుంది. కనుక మా హాలు లాంటి పన్నెండడుగుల గదిలో, 86 రాసిన పెట్టెలతో, నిదానంగా పాట వినటానికి ఒక్క వాటు కూడా ఖర్చు కాదు. మా నాన్నగారి నాటి వాల్వు రేడియో మూడు నాలుగు వాట్లకు మించి ఇచ్చేది కాదు, వీధి అరుగుల మీదివాళ్లు కూడా వినేవారు.

అట్లాగయితే ఒక వాటుది కొంటే పోలేదా అంటారు. పోదు. నాదస్వరం పక్కన డోలు ఉన్నదే, దాని సంగతి చూడండి. పాట నడకకు అర వాటు చాలు. డోలు మీద ఒక్క దెబ్బ పడేసరికి ఆ క్షణానికి ఇరవై డెసిబెల్లు పైకి లేస్తుంది, అంటే నూరు రెట్లు. అర వాటుకు నూరు రెట్లు యాభై. ఆ క్షణంలో ఆంప్లిఫయరు దగ్గర ఆ యాభై లేకపోతే ధ్వని తల తెగిపోతుంది. కొడవలితో కోసినట్టు అల పైభాగం చదునవుతుంది. ఆ తెగిన అంచుల్లోంచి లేనిపోని సన్నని ధ్వనులు పుట్టి, పెట్టెలో పైన ఉండే చిన్న స్పీకరు మీద పడతాయి. మా బావమరిది కొడుకు ఒక విందులో చిన్న ఆంప్లిఫయరును చివరికంటా తిప్పి, రాత్రి పదింటికి రెండు ట్వీటర్లూ మాడ్చుకున్నాడు. పెట్టె మీద 100 వాట్లని ఉంది, ఆంప్లిఫయరు 20దే, ఎట్లా మాడిందని వాడికి ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ఇంటికి నిజాయితీగా ఇచ్చే 50, 60 వాట్లు సరిపోతాయని తేల్చుకున్నాను.

తరువాత ఓములు. ఇది ఎవరూ చూడరు. ఓములంటే కరెంటుకు పెట్టె పెట్టే అడ్డు. అడ్డు తగ్గినకొద్దీ ఆంప్లిఫయరునుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. 8 ఓముల పెట్టెకన్నా 4 ఓముల పెట్టె రెట్టింపు లాగుతుంది. బక్క ఎద్దులకు ఒంగోలు గిత్తలు లాగే బండి కడితే ఏమవుతుందో అదే అవుతుంది. మావి 6 ఓములవి. ఆంప్లిఫయరు వెనక రేకుమీద, పెట్టెలు ఎన్ని ఓములకు తగ్గకూడదో రాసి ఉంటుంది. అది 4 అని ఉన్నదాన్నే చూశాను. 8కి తగ్గరాదని రాసినదాన్ని, ఎంత అందంగా ఉన్నా, తాకలేదు. ఇంకొక మాట. వెనక రెండు జతల స్పీకర్లకు చోటు ఉంది గదా అని, పడకగదిలో ఇంకో జత తగిలిస్తారు కొందరు. రెండు జతలూ ఒకేసారి మోగితే చాలా వాటిలో 8, 8 కలిసి 4 అవుతాయి. కూడితే పెరగాలి గాని తగ్గటమేమిటని మా ఆవిడ అడిగింది. ఒక తలుపున్న గదికి రెండో తలుపు పెడితే జనం బయటికి పోవటానికి అడ్డు తగ్గుతుందా పెరుగుతుందా అన్నాను. సరేనంది.

తీగ విషయంలో డబ్బు తగలెయ్యకండి. బంగారు రంగు తొడుగు వేసి అమ్మే తీగలు ఉన్నాయి. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ ఇంటి దూరాలకు బ్రహ్మాండంగా సరిపోతుంది. ఎరుపు ఎరుపుకూ, నలుపు నలుపుకూ కలపాలి, అంతే. ఒక పెట్టెకు తిరగేసి కలిపితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని, లావు ధ్వని మాయమైపోతుంది.

మన ప్రాంతానికి తగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, కంపెనీవాళ్ల కాగితంలో ఉండవు. ఒకటి ఎండ. మే నెలలో మన వైపు మామూలుగా కూర్చున్న మనిషే వేడెక్కుతాడు. పాతపద్ధతి ఆంప్లిఫయరు తాను తాగే కరెంటులో మంచి భాగం వేడి కిందే పోగొట్టుకుంటుంది. దాని నెత్తిన జానెడు ఖాళీ ఉండాలి. మా ఆవిడ టీవీకి, మిక్సీకి అల్లినట్టే దానికీ క్రోషియా గుడ్డ అల్లబోతే బతిమాలి ఆపాను. రెండోది ధూళి. మిరపకాయల కాలంలో గాలిలో కారం, పత్తి కాలంలో నూగు. రెండూ ఆ రంధ్రాల్లోకి చేరతాయి. ఏడాదికి రెండుసార్లు కరెంటు తీసేసి మెత్తని కుంచెతో దులపాలి. మూడోది వోల్టేజి. 230 ఉండవలసింది మా ఇంట్లో కొన్ని వేసవి సాయంత్రాలు 190కి దిగటం నేను చూశాను. స్టెబిలైజరు పెట్టాను. ఇన్వర్టరు ఉన్నవాళ్లు అది సైన్‌వేవు రకమో కాదో చూసుకోవాలి. చవకరకం ఇన్వర్టరు మీద చాలా ఆంప్లిఫయర్లు తుమ్మెదల్లా ఝుమ్మంటాయి.

ఇక మా అమ్మ సంగతి. విజయవాడ గవర్నరుపేటలో ఒక దుకాణదారు మంచివాడు దొరికాడు. బయానా తీసుకుని రెండు ఆంప్లిఫయర్లు నాలుగు రోజులు ఇంట్లో పెట్టి చూసుకోమన్నాడు. మొదటిది ఖరీదైనది, ముందు ఒక్క బొత్తాము. బాస్, ట్రెబుల్ తిప్పుళ్లు ఉంటే ధ్వని శుద్ధి చెడుతుందని అవి తీసేశారట. రెండోది దానిలో సగం ధర, 8 ఓముల దగ్గర పక్కకు 50 వాట్లు, బాస్, ట్రెబుల్, ఎడమ కుడి సర్దే బ్యాలెన్సు అన్నీ ఉన్నాయి. ఇరవై అయిదేళ్ల చెవులకు మొదటిదే మంచిదేమో, నేను కాదనను. మా ఇంట్లో చెవులు ఎనభైనాలుగేళ్లవి.

ఊరికే ఆంప్లిఫయరు మార్చి ఊరుకోలేదు. పెట్టెలను అలమర మూలలోంచి తీయించాను. ఆ మూల లావు ధ్వనిని గుమ్మటంలా మోగించి మాటను మింగేస్తోంది. పన్నెండడుగుల దూరంలో ఉన్నవాటిని అమ్మ కుర్చీకి ఆరడుగుల్లోకి తెచ్చాను. ఆరుబయట లెక్కలో దూరం సగమైతే ఆరు డెసిబెల్లు, అంటే నాలుగు రెట్ల వాట్లు ఉచితంగా వచ్చినట్టు. గదిలో అంత రాకపోయినా, గోడలనుంచి తిరిగొచ్చే ధ్వనికన్నా తిన్నగా వచ్చే ధ్వని బలపడుతుంది. మొజాయిక్ నేల, బోసి గోడలు, ఆ గదిలో చప్పట్లు కొడితే నాలుగుసార్లు వినిపిస్తుంది. పాత దూది పరుపు ఒకటి ఎదుటి గోడకు ఆనించి, నేలమీద బొంత పరిచాను. ముప్ఫై నాలుగేళ్లు దూది లెక్కలు రాసినందుకు అది నాకు చేసిన ఉపకారం ఇదే.

ముందు నాదస్వరం పెట్టాను. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారిది. ఆయన 1999లో పోయారు. మా పేట ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకున్న విద్వాంసుడని మా ఊరివాళ్లకు ఒక గర్వం. ఆంప్లిఫయరు మంచిచెడ్డలు తేల్చటానికి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. సరుకు లేనిదయితే నాదస్వరం రేకుడబ్బాలా మోగుతుంది, డోలు దెబ్బ చితుకుతుంది. రెండింటిలోనూ చితకలేదు. అమ్మ తల ఊపుతూ వింటూ, "మా పెళ్లిలో డోలు ఇంతకన్నా గట్టిగా మోగింది" అంది.

తరువాత ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయాక వచ్చిన ఆ రికార్డు మా ఇంట్లో అప్పటినుంచీ ఉంది. శ్లోకం అమ్మకు కంఠతా వచ్చు, పెదవులు కదిలిస్తూనే ఉంది. అక్కడ పరీక్ష ఏముంది? తాత్పర్యం వచ్చినప్పుడు చూడాలి. మొదటి ఆంప్లిఫయరుతో ఆ భాగం రాగానే చూపు కిటికీ వైపు పోయింది. రెండోదానికి మార్చి, బాస్ కాస్త దించి, ట్రెబుల్ నాలుగు గీతలు ఎక్కించి, ఎడమ చెవి మేలు గనుక బ్యాలెన్సు అటు జరిపాను. చెవియంత్రం కూడా పెట్టుకోమని మనుమరాలి చేత చెప్పించాను, నేను చెబితే వినదు. మళ్లీ మొదటినుంచి పెట్టాను. నాలుగో శ్లోకం తాత్పర్యం దగ్గర ముందుకు వంగింది. అయిదో దాని దగ్గర నావైపు తిరిగి, "ఇది పోయినసారి ఎందుకురా మింగేశాడు?" అంది.

పూర్తిగా రాలిపోయిన ధ్వనిని ఏ ట్రెబులూ తిరిగి తేదు. ఇప్పటికీ వేగంగా నడిచే జంట పాటల్లో సగం మాటలు ఆవిడకు అందవు. కొత్త పాటలు అసలే అందవు, అందుకు ఆవిడ చెవుల్ని అనక్కర్లేదనుకోండి. కాని పంచలో కుర్చీ ఖాళీ అయింది. మొన్న మనుమరాలు ఏదో పాత పాట పాడుకుంటూ చరణంలో ఒక మాట మార్చి పాడింది. హాల్లోంచి దిద్దుబాటు వచ్చింది.

మా బావమరిది చూడటానికి వచ్చాడు. చూపుడు పలకమీద అంకె చూసి, ఎంత వాడుతున్నావని అడిగాడు. అర వాటు ఉంటుందేమో అన్నాను.

"మిగతా నలభైతొమ్మిదిన్నర?"

"డోలు దెబ్బకు దాచిపెట్టాను."

అతను కాసేపు ఆలోచించి, "సీజన్లో గోడౌను ఖాళీగా పెట్టుకున్నట్టు" అని, అమ్మ పక్కన బొంతమీద కూర్చున్నాడు.